ఎస్టీపీ కట్టే ముందు పదిహేనేళ్ల లెక్క: మున్సిపాలిటీల కోసం ఒక సమగ్ర మార్గదర్శి

ఎస్టీపీ అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటు. ముందు ఒక లెక్క చూడండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో వేసిన జాబితా ప్రకారం దేశంలోని పట్టణాల నుంచి 72,368 ఎంఎల్‌డీ (రోజుకు పది లక్షల లీటర్లు ఒక ఎంఎల్‌డీ) మురుగు వస్తోంది. కట్టిపెట్టిన ప్లాంట్ల సామర్థ్యం 31,841 ఎంఎల్‌డీ, అందులో నిజంగా శుద్ధి అవుతున్నది 20,236 ఎంఎల్‌డీ. అంటే ప్లాంట్లు చాలకపోవడం ఒక సమస్య అయితే, డబ్బు పోసి కట్టిన సామర్థ్యంలో మూడో వంతుకు పైగా ఖాళీగా ఉండటం ఇంకో సమస్య. మొదటి దానికి కారణం నిధులు అనుకుందాం. రెండో దానికి కారణం మాత్రం చాలాసార్లు డీపీఆర్‌లోనే (ప్రాజెక్టు సమగ్ర నివేదికలోనే) ఉంటుంది: రిబ్బన్ కటింగ్ దాకా లెక్క ఉంటుంది, ఆ తర్వాత మూడో ఏడాది ట్యాంకులోకి గాలి కొట్టే బ్లోయర్ బేరింగ్ పోతే ఎవరు కొంటారు, ఎన్ని రోజుల్లో కొంటారు అన్నది ఎక్కడా ఉండదు.

ఇది మున్సిపల్ ఇంజినీర్లు (ఏఈలు, డీఈలు), డీపీఆర్ చదివి సంతకం పెట్టాల్సిన కమిషనర్లు, కౌన్సిల్‌లో ప్రశ్న అడగాలనుకునే కౌన్సిలర్లు చదువుకోవడానికి రాస్తున్నాను. ఉదాహరణకు లక్ష జనాభాకు డిజైన్ చేస్తున్న ఒక పట్టణాన్ని పట్టుకుని చివరిదాకా అదే లెక్కతో వెళ్దాం. రేట్లు నేను వేసుకున్నవి, మీ ఊరి రేట్లు మీరు మార్చుకోండి, పద్ధతి అదే.

1. నిజంగా ఎంత మురుగు వస్తుందో ముందు తేల్చండి

కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ సీపీహెచ్ఈఈఓ మాన్యువల్ దారి అందరికీ తెలిసిందే. తలసరి 135 లీటర్ల నీళ్లు, అందులో 80 శాతం మురుగుగా తిరిగొస్తుంది, అంటే మనిషికి 108 లీటర్లు. లక్ష మందికి 10.8 ఎంఎల్‌డీ, పైపుల్లోకి ఊరే భూగర్భజలం కలుపుకుని 12 ఎంఎల్‌డీ అనుకుందాం. పీక్ ఫ్యాక్టర్ (సగటుకు ఎన్ని రెట్లు ఉధృతి అన్నది) 50 వేల నుంచి 7.5 లక్షల జనాభాకు 2.25, కాబట్టి పొద్దున ఆరు నుంచి తొమ్మిది మధ్య వచ్చే ఉధృతికి ఇన్లెట్, స్క్రీన్లు, పంపులు గంటకు సుమారు 1,125 ఘనపు మీటర్లు తట్టుకోవాలి.

ఇక్కడిదాకా కాగితం మీద బాగానే ఉంది. కానీ మన పట్టణాల్లో యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) పూర్తిగా లేదు. ఇళ్లలో సెప్టిక్ ట్యాంకులు ఉంటాయి, వాటి పైనీళ్లు రోడ్డు పక్క కాలువలోకి, అక్కడి నుంచి పెద్ద కాలువలోకి పోతాయి. ఆ కాలువకు అడ్డుకట్ట వేసి ప్లాంటుకు మళ్లిస్తాం. అప్పుడు వచ్చేది డిజైన్‌లో రాసుకున్న లీటరుకు 250 మి.గ్రా. బీఓడీ (మురికిని తినడానికి బ్యాక్టీరియాకు పట్టే ఆక్సిజన్, అంటే మురికికి కొలత) ఉన్న చిక్కటి మురుగు కాదు, చాలాసార్లు 100 నుంచి 150 మధ్య ఉండే పల్చటి నీళ్లు, దానితోపాటు ఇసుక, ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి పీచు. వాన పడితే ఇంకా పల్చన.

కాబట్టి డీపీఆర్ కన్సల్టెంటుకు పని ఇచ్చే ముందే ఈ రెండూ చేయించండి. ఒకటి, ప్రధాన కాలువల దగ్గర వీ నాచ్ (ప్రవాహం కొలవడానికి వీ ఆకారపు గండి ఉన్న పలక) పెట్టి కనీసం వారం రోజులు, ఇరవై నాలుగు గంటలూ గంటకోసారి ప్రవాహం కొలిపించండి. ఎండాకాలంలో ఒక వారం, వానాకాలంలో ఒక వారం. రెండు, ఒక్క బాటిల్ నమూనా కాకుండా రోజంతా గంటగంటకూ తీసి కలిపిన నమూనా ల్యాబ్‌కు పంపండి. దీనికి అయ్యే ఖర్చు మొత్తం ప్రాజెక్టులో లెక్కలోకి కూడా రాదు, కానీ దీన్ని వదిలేస్తే మిగతా లెక్కలన్నీ ఊహలే.

ఇంకో మాట. 12 ఎంఎల్‌డీ అనేది పదిహేనేళ్ల తర్వాతి సంఖ్య. మొదటి ఏడాది 4 ఎంఎల్‌డీ రావచ్చు. ఒకే పెద్ద ట్యాంకు, ఒకే సైజు పెద్ద బ్లోయర్లు పెడితే మొదటి అయిదేళ్లు ప్లాంటు ఆకలితో నడుస్తుంది: బ్యాక్టీరియాకు తిండి చాలదు, బ్లోయర్ మాత్రం పూర్తి కరెంటు తింటుంది. అందుకే భూమి 12కు తీసుకోండి, ఇన్లెట్ నిర్మాణం 12కు కట్టండి, శుద్ధి భాగాన్ని 6 చొప్పున రెండు స్ట్రీములుగా విడగొట్టి రెండోది ఇప్పుడే కట్టాలా నాలుగేళ్ల తర్వాతా అన్నది ఇంటి కనెక్షన్లు పెరిగే వేగాన్ని బట్టి తేల్చండి. సివిల్ పనికి ముప్పై ఏళ్లు, పంపులూ మోటార్లకు పదిహేనేళ్లు అని విడివిడిగా ఆలోచించడం కూడా ఇక్కడే మొదలవ్వాలి.

2. ఏ ప్రమాణానికి నీళ్లు వదలాలో రాతపూర్వకంగా తెచ్చుకోండి

కేంద్ర పర్యావరణ శాఖ 2017 అక్టోబరు నోటిఫికేషన్ ప్రకారం బీఓడీ మెట్రో నగరాల్లో లీటరుకు 20 మి.గ్రా., మిగతా చోట్ల 30. ఆ తర్వాత 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రైబ్యునల్ దాన్ని 10కి బిగించింది. దానితోపాటు ఎస్ఎస్ (నీళ్లలో తేలే ఘనపదార్థాలు) 20, సీఓడీ (రసాయనికంగా కొలిచే ఆక్సిజన్ అవసరం) 50, మొత్తం నైట్రోజన్ 10, ఫాస్ఫరస్ 1. మీకు వర్తించేది మాత్రం మీ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సీఎఫ్ఈలో (నిర్మాణ అనుమతిలో) రాసిన అంకె. అది చేతికి రాకుండా టెండర్ పిలవకండి, ఎందుకంటే 30కీ 10కీ మధ్య తేడా ఒక ఫిల్టర్ పెట్టడంతో పోదు. నైట్రోజన్ తీయాలంటే ట్యాంకు పెరుగుతుంది, ఫాస్ఫరస్ తీయాలంటే రోజూ పటికో ఫెర్రిక్ క్లోరైడో పడుతుంది, స్లడ్జ్ (శుద్ధిలో మిగిలే బురద) పెరుగుతుంది.

ఇప్పుడు అసలు మెలిక. "బీఓడీ 10 దాటకూడదు" అన్నారు కదా అని సగటు 10 వచ్చేలా డిజైన్ చేస్తే, దాదాపు సగం రోజులు 10 దాటుతుంది. వందలో 95 రోజులు 10 లోపే ఉండాలంటే సగటు ఎంత ఉండాలో గణితం చెబుతుంది. బయటకు వెళ్లే నీటి బీఓడీ రోజురోజుకూ బాగా ఊగిసలాడితే, అంటే సగటులో 50 శాతం దాకా విచలనం ఉంటే, సగటు 5 దగ్గర ఉండాలి. అదే ప్లాంటు నిలకడగా నడిచి విచలనం 30 శాతానికి తగ్గితే సగటు 6.4 ఉన్నా సరిపోతుంది. 5కీ 6.4కీ మధ్య తేడా అంటే గాలి, కరెంటు, ట్యాంకు సైజు. నిలకడగా నడపడం వల్ల డబ్బు మిగులుతుందని దీని అర్థం, ఈ ముక్క డీపీఆర్‌లలో కనిపించడం అరుదు. డిజైన్ బేసిస్ రిపోర్టులో "సగటు ఎంత, ఎన్ని శాతం రోజులు" అని రెండూ రాయమని అడగండి.

3. ఏది ఆగితే ఏమవుతుందో ఒక్కొక్కటిగా రాసుకోండి

ఇది గైడ్‌లో ముఖ్యమైన భాగం, కాస్త ఓపిగ్గా చదవండి.

ఒక పెద్ద కాగితం తీసుకుని ఇన్లెట్ గేటు నుంచి అవుట్‌లెట్ దాకా ప్రతి వస్తువునూ వరసగా రాయండి. పక్కన మూడు గడులు: ఇది ఆగితే ఎన్ని గంటల్లో మురుగు పొంగుతుంది లేదా నీళ్లు పాడవుతాయి, బదులు ఉందా, బాగు చేయడానికి ఎన్ని రోజులు. రాస్తూ పోతే మీకే తెలుస్తుంది. స్క్రీన్ మూసుకుపోతే ఒకటి రెండు గంటల్లో వెనక మ్యాన్‌హోళ్లు పొంగుతాయి. పంపులన్నీ ఆగితే వెట్ వెల్ (పంపుల ముందు మురుగు నిలిచే బావి) సైజును బట్టి అరగంట, గంట. బ్లోయర్లు ఆగితే కొన్ని గంటల దాకా ఫర్వాలేదు, రోజు దాటితే బ్యాక్టీరియా చచ్చి వాసన మొదలవుతుంది, మళ్లీ దారికి రావడానికి వారాలు పడుతుంది. స్లడ్జ్‌లోని నీళ్లు పిండే సెంట్రిఫ్యూజ్ ఆగితే నాలుగు రోజులు ఎవరికీ తెలియదు, ఆ తర్వాత ట్యాంకులో స్లడ్జ్ పేరుకుని నేరుగా అవుట్‌లెట్‌లోకి పోతుంది. క్లోరిన్ డోసింగ్ పంపు చిన్న వస్తువే, ఆగిన క్షణం నుంచే ప్రమాణం తప్పినట్టు.

ఇప్పుడు స్టాండ్‌బై లెక్క. రెండు పంపులు ఒకేసారి నడవాలి అనుకుందాం. ఒక్కో పంపు ఏడాదిలో 95 శాతం కాలం సిద్ధంగా ఉంటుంది. రెండే పెడితే రెండూ ఒకేసారి సిద్ధంగా ఉండే కాలం 0.95 × 0.95, అంటే 90 శాతం; ఏడాదికి 35 రోజులు పూర్తి సామర్థ్యం ఉండదు. మూడోది స్టాండ్‌బైగా పెడితే మూడింట ఏవైనా రెండు సిద్ధంగా ఉండే కాలం 99.3 శాతం, లోటు ఏడాదికి మూడు రోజుల లోపు. ఒక్క పంపు ఖరీదుతో 35 రోజులు 3 రోజులకు తగ్గాయి. స్టాండ్‌బై మీద డబ్బు మిగిల్చాలని చూసేవాళ్లకు ఈ లెక్క చూపించండి.

కానీ ఆ 95 ఎక్కడి నుంచి వచ్చింది? సగటున 200 రోజులకు ఒకసారి చెడిపోయే పంపును 2 రోజుల్లో బాగు చేస్తే అది 99 శాతం కాలం సిద్ధంగా ఉంటుంది. అదే పంపుకు మెకానికల్ సీల్ స్టోర్‌లో లేక, కొటేషన్లు పిలిచి, ఫైలు అయిదు టేబుళ్లు తిరిగి, సరుకు వచ్చేసరికి 20 రోజులు పడితే 91 శాతానికి పడిపోతుంది. పంపు మారలేదు, కంపెనీ మారలేదు, మారింది ఫైలు. అందుకే ఖరీదైన బ్రాండు కోసం పట్టుపట్టే ముందు విడిభాగాల స్టోర్ మీదా, చిన్న మొత్తాలు అక్కడికక్కడే ఖర్చు పెట్టే అధికారం ప్లాంటు ఇన్‌చార్జికి ఇచ్చే కౌన్సిల్ తీర్మానం మీదా పట్టుపట్టండి. రూపాయికి ఎక్కువ రిలయబిలిటీ దొరికేది అక్కడే.

స్టోర్‌లో ఎప్పుడూ ఉండాల్సినవి: ప్రతి పంపు మోడల్‌కు ఒక సెట్ మెకానికల్ సీళ్లు, బేరింగులు, ఒక ఇంపెల్లర్, బ్లోయర్ బెల్టులు, ఫిల్టర్లు, ఆయిల్, ప్యానెల్‌కు కాంటాక్టర్లు, ఓవర్‌లోడ్ రిలేలు, ఫ్యూజులు, ట్యాంకు అడుగున గాలి వదిలే డిఫ్యూజర్ మెంబ్రేన్లు కొన్ని, డోసింగ్ పంపు మొత్తంగా ఒకటి, లెవెల్ సెన్సర్ ఒకటి. పీఎల్‌సీ (ప్లాంటును ఆటోమేటిక్‌గా నడిపే కంట్రోలర్) ప్రోగ్రాం కాపీ, పాస్‌వర్డుతో సహా, మున్సిపాలిటీ దగ్గర ఉండాలి. కాంట్రాక్టు అయిపోయాక పాస్‌వర్డు కోసం ఫోన్లు చేస్తూ కూర్చునే పరిస్థితి తెచ్చుకోకండి.

లెక్కకు దొరకని వాటిని కూడా చూడండి. మూడు పంపులున్నా మూడూ ఒకే ప్యానెల్ నుంచి నడిస్తే, ఆ ప్యానెల్లోకి నీళ్లొచ్చిన రోజు మూడూ సున్నా. ఒకే రైజింగ్ మెయిన్ (పంపుల నుంచి వెళ్లే పైపు), ఒకే ట్రాన్స్‌ఫార్మర్, ఒకే ఇన్లెట్ గేటు, ఎస్‌బీఆర్ (ఒకే బేసిన్‌లో దశలవారీగా శుద్ధి చేసే పద్ధతి) అయితే ప్రతి బేసిన్‌కూ ఉన్న ఒక్క డికాంటర్ (పైన తేరిన నీళ్లు తీసేది), ఇలా ఒక్కటే ఉన్నవాటి మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. అన్నిటికీ రెండోది కొనక్కర్లేదు, కానీ ప్రతి ఎర్ర సున్నా పక్కన "ఇది పోతే ఇలా చేస్తాం" అని ఒక వాక్యం ఉండాలి. ఎస్‌బీఆర్‌లో రెండు బేసిన్ల కంటే నాలుగు చిన్న బేసిన్లు కాస్త ఖరీదు, కానీ ఒకటి ఖాళీ చేసి డిఫ్యూజర్లు మార్చాల్సి వచ్చినప్పుడు సగం ప్లాంటు ఆగదు, పావు వంతే ఆగుతుంది.

4. కరెంటు, వరద

డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) నుంచి హెచ్‌టీ (హైటెన్షన్) సర్వీసు తీసుకున్నాక నెల బిల్లు యూనిట్లతోనే తేలదు. మీరు అడిగిన కాంట్రాక్టెడ్ డిమాండ్‌లో 80 శాతానికి తక్కువ కాకుండా డిమాండ్ ఛార్జీ పడుతుంది, ప్లాంటు పావు వంతే నడిచినా సరే. కాబట్టి మొదటి రోజే 12 ఎంఎల్‌డీకి సరిపడా డిమాండ్ అడగకండి, దశలవారీగా పెంచుకోండి. హెచ్‌టీలో బిల్లు కేవీఏహెచ్ (పవర్ ఫ్యాక్టర్ కూడా లెక్కలోకి వచ్చే కొలత) మీద కాబట్టి కెపాసిటర్ ప్యానెల్ పాడై పవర్ ఫ్యాక్టర్ పడిపోతే ఆ నష్టం నేరుగా బిల్లులో కనిపిస్తుంది. నెలకోసారి బిల్లులో ఆ గడి చూడటం ఎవరో ఒకరి పనిగా పెట్టండి.

జనరేటర్ మొత్తం ప్లాంటుకు అక్కర్లేదు. ఇన్లెట్ పంపులు, స్క్రీన్, ఒక బ్లోయర్, క్లోరిన్, లైట్లు, ఇవి నడిస్తే చాలు. డీజిల్ లీటరుకు మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి, అంటే యూనిట్ పాతిక రూపాయలు దాటుతుంది, గ్రిడ్ కరెంటుకు మూడు రెట్లు. అందుకే డీజిల్ బడ్జెట్ విడిగా ఒక హెడ్ కింద పెట్టండి. లేకపోతే జనరేటర్ ఉంటుంది, డీజిల్ ఉండదు.

వరద సంగతి మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాలి. ఎస్టీపీ ఎప్పుడూ ఊరికి పల్లంలో, వాగు ఒడ్డునో చెరువు కిందో ఉంటుంది, మురుగు అటే పారుతుంది కాబట్టి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్న సంగతి మర్చిపోలేం. ఇరిగేషన్ వాళ్ల దగ్గర అత్యధిక వరద మట్టం రికార్డు తీసుకుని, ఎంసీసీ (మోటార్ల కంట్రోల్) ప్యానెల్ గది, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, జనరేటర్ ఆ మట్టానికి కనీసం ఒక మీటరు పైన ఉండేలా డ్రాయింగులోనే పెట్టండి. కట్టేటప్పుడు ఇది కాస్త మట్టి, కాంక్రీటు ఖర్చు. తర్వాత అయితే మొత్తం ప్యానెల్ ఖర్చు, దానితోపాటు నెలల తరబడి ఆగిన ప్లాంటు.

5. టెక్నాలజీ ఎంచుకునేది కట్టే ధరతో కాదు, పదిహేనేళ్ల ధరతో

ఎస్‌బీఆర్, ఎంబీబీఆర్, ఎంబీఆర్ అని రకరకాల శుద్ధి పద్ధతుల పేర్లతో ఎవరి కరపత్రం వాళ్లు తెస్తారు. భూమి చవకగా, విస్తారంగా ఉన్న చిన్న ఊళ్లలో స్థిరీకరణ కుంటలు ఇప్పటికీ మంచివే, చెడిపోవడానికి వాటిలో మోటారే ఉండదు. కాకపోతే బీఓడీ 10 వాటితో రాదు. యూఏఎస్‌బీకి (గాలి లేకుండా శుద్ధి చేసే పద్ధతికి) కరెంటు తక్కువ, కానీ ఆ తర్వాత ఇంకో దశ తప్పనిసరి. ఎస్‌బీఆర్ ప్రమాణాలను బాగా అందుకుంటుంది, బదులుగా ఆటోమేషన్, వాల్వులు, డికాంటర్ల మీద ఆధారపడుతుంది. ఎంబీఆర్ (మెంబ్రేన్లతో వడకట్టే పద్ధతి) నీళ్లు అద్దంలా ఉంటాయి, మెంబ్రేన్లు మార్చాల్సిన ఏడాది బడ్జెట్ చూస్తే కళ్లు తిరుగుతాయి.

పోల్చే పద్ధతి ఇది. మొదటిది కట్టడానికి 30 కోట్లు, ఏడాది నిర్వహణ 2.8 కోట్లు. రెండోది కట్టడానికి 36 కోట్లు, నిర్వహణ 2 కోట్లు. టెండర్ ధర మాత్రమే చూస్తే మొదటిది గెలుస్తుంది. 8 శాతం డిస్కౌంట్ రేటుతో పదిహేనేళ్ల నిర్వహణను ఇవాళ్టి విలువకు తెస్తే గుణకం 8.56, మొదటిది 54 కోట్లు, రెండోది 53 కోట్లు, దాదాపు సమానం. నిర్వహణ ఖర్చు ఏటా 5 శాతం పెరుగుతుందని వేస్తే, కరెంటూ జీతాలూ పెరగకుండా ఉండవు కదా, గుణకం 11.5 దాకా వెళ్తుంది. మొదటిది 62 కోట్లు, రెండోది 59 కోట్లు. అంటే రెండోది ఎంత తేడాతో గెలుస్తుందన్నది ఏటా ఎంత పెరుగుతుందని వేసుకున్నామన్న దాని మీద ఆధారపడింది. కన్సల్టెంటు ఇచ్చిన టేబుల్‌లో ఈ రెండు రేట్లూ ఎంత వేశారో ముందు అడగండి. ధరలు పెరగనట్టు లెక్క వేస్తే చవకగా కట్టి ఖరీదుగా నడిపే ప్లాంటు ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది.

కట్టే ఖర్చుకు ఒక కొలబద్ద కావాలంటే హైదరాబాద్ ఉంది. 2021లో మంజూరైన 31 ఎస్టీపీలకు మొత్తం సామర్థ్యం 1,259.5 ఎంఎల్‌డీ, అంచనా 3,866 కోట్లు. భాగిస్తే ఎంఎల్‌డీకి 3 కోట్ల పైచిలుకు. కానీ పెద్ద ప్లాంటు రేటును చిన్న ఊరికి అంటించకండి. 3 ఎంఎల్‌డీ ప్లాంటుకైనా ప్యానెల్ గది, ల్యాబ్, ప్రహరీ, రోడ్డు కావాల్సిందే, కాబట్టి ఎంఎల్‌డీ లెక్కన చిన్నదే ఎక్కువ పడుతుంది.

6. ఏడాది ఖర్చును హెడ్ల వారీగా వేయండి

మన 12 ఎంఎల్‌డీ ప్లాంటు పూర్తి లోడుతో నడుస్తోంది అనుకుందాం.

- కరెంటు: శుద్ధికి కిలోలీటరుకు 0.2 యూనిట్లు, 15 మీటర్ల ఎత్తుకు పంపింగ్‌కు సుమారు 0.07. కలిపి రోజుకు 3,200 యూనిట్లు. అన్నీ కలిపి యూనిట్ 8 రూపాయలు అనుకుంటే ఏడాదికి 94 లక్షలు.
- సిబ్బంది: మూడు షిఫ్టులు, వారాంతపు సెలవుల రిలీవర్లతో కలిపి ఇరవై మంది, సగటున నెలకు 20 వేలు: 48 లక్షలు.
- మరమ్మతులు: మెషినరీ విలువ 12 కోట్లు అనుకుంటే అందులో రెండున్నర శాతం, 30 లక్షలు.
- హైపోక్లోరైట్: లీటరుకు 5 మి.గ్రా. క్లోరిన్ అంటే రోజుకు 60 కిలోలు, 10 శాతం ద్రావణంగా 600 కిలోలు: 22 లక్షలు.
- పాలీ ఎలక్ట్రోలైట్ (స్లడ్జ్‌ను గడ్డకట్టించే రసాయనం): 6 లక్షలు. స్లడ్జ్ రవాణా: 13 లక్షలు. ల్యాబ్, ఇతరాలు: 10 లక్షలు.

మొత్తం 2.23 కోట్లు, కిలోలీటరుకు 5 రూపాయల పైన. పాతిక వేల ఇళ్లకు పంచితే నెలకు ఇంటికి 75 రూపాయలు. ఇందులో పదిహేనేళ్ల తర్వాత మార్చాల్సిన మెషినరీ కోసం దాచే డబ్బు లేదు. అది ఏటా 80 లక్షలు కలిపితే ఇంటికి నెలకు వంద రూపాయలు అవుతుంది. కౌన్సిల్ ముందు పెట్టాల్సిన అంకె ఈ వంద. వసూలు చేస్తారా, సాధారణ నిధుల నుంచి ఇస్తారా అన్నది రాజకీయ నిర్ణయం. అంకె దాచిపెట్టడం మాత్రం ఇంజినీరు పని కాదు.

మొదటి ఏడాది 4 ఎంఎల్‌డీయే వస్తే? కరెంటు, కెమికల్స్, స్లడ్జ్ రవాణా మూడో వంతుకు తగ్గుతాయి, జీతాలూ మరమ్మతులూ ల్యాబూ తగ్గవు. 1.33 కోట్లు, కిలోలీటరుకు 9 రూపాయలు. కిలోలీటరు చొప్పున చెల్లించే కాంట్రాక్టు అయితే ఆపరేటర్ మొదటి రెండేళ్లలోనే చేతులెత్తేస్తాడు. ఫిక్స్‌డ్ ఛార్జీ వేరు, వచ్చిన మురుగును బట్టి ఛార్జీ వేరు అని రెండు ముక్కలు చేయండి.

స్లడ్జ్ దగ్గర ఒక నిమిషం ఆగండి. రోజుకు 1,800 కిలోల బీఓడీ తీస్తే పొడి లెక్కన 1,400 కిలోల స్లడ్జ్, సెంట్రిఫ్యూజ్ నుంచి బయటకు వచ్చేసరికి 7 టన్నుల తడి ముద్ద. రోజూ ఒక టిప్పర్. అది ఎక్కడికి వెళ్తుంది? "రైతులకు ఎరువుగా ఇస్తాం" అని రాసిన డీపీఆర్‌లు బోలెడు. ఏ రైతుకు, ఏ నెలలో, నాట్ల సమయంలో పొలంలోకి టిప్పర్ ఎలా వెళ్తుంది? ఎండబెట్టే బెడ్లు మే నెలలో బ్రహ్మాండంగా పనిచేస్తాయి, ఆగస్టులో వాటి మీద బురద బురదగానే ఉంటుంది. వానాకాలం నాలుగు నెలలకు సరిపడా రేకుల షెడ్డు, కాంక్రీటు నేల ముందే కట్టండి.

7. డబ్బు ఎక్కడి నుంచి

కట్టడానికి దారులున్నాయి. 2021లో మొదలైన కేంద్ర పథకం అమృత్ 2.0లో లక్ష నుంచి పది లక్షల జనాభా పట్టణాలకు కేంద్రం వాటా మూడో వంతుగా, 20, 40, 40 శాతం చొప్పున మూడు విడతల్లో పెట్టారు. లక్ష లోపు ఊళ్లకు స్వచ్ఛ భారత్ 2.0 కింద వాడిన నీటి నిర్వహణ నిధులు పెట్టారు. విడతలు ఆలస్యమైతే కాంట్రాక్టరు పని ఆపుతాడు కాబట్టి రాష్ట్ర వాటా, మున్సిపాలిటీ వాటా ఏ నెలలో పడాలో క్యాష్ ఫ్లో షీట్ వేసుకోండి. గంగా నది పనుల్లో వాడుతున్న హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతి చూడదగ్గది: కట్టే ఖర్చులో 40 శాతం నిర్మాణంలో, మిగతా 60 శాతం పదిహేనేళ్ల పాటు, ప్లాంటు నడుస్తుంటేనే. కట్టినవాడే నడపాలి కాబట్టి చవక మోటారు పెట్టి తప్పించుకోలేడు. అయితే మున్సిపాలిటీ నెలనెలా చెల్లిస్తుందన్న నమ్మకం లేకపోతే ఆ భయాన్ని కూడా రేటులో కలిపే కోట్ చేస్తారు. నాలుగు నెలల చెల్లింపును ఎస్క్రో ఖాతాలో (చెల్లింపు హామీగా విడిగా ఉంచే ఖాతాలో) ఉంచితే ఆ రేటు దిగొస్తుంది.

నీళ్లు అమ్మడం గురించి కూడా సీరియస్‌గా చూడండి. సూరత్ 2014 నుంచి పాండేసర పారిశ్రామిక వాడకు శుద్ధి చేసిన మురుగునీరు అమ్ముతోంది, నాగపూర్ నీళ్లు కొరాడి థర్మల్ కేంద్రానికి వెళ్తున్నాయి. 2016 టారిఫ్ పాలసీ ప్రకారం ఎస్టీపీకి 50 కిలోమీటర్ల లోపున్న థర్మల్ కేంద్రాలు ఆ నీటినే వాడాలి. మీ చుట్టుపక్కల అలాంటి కొనుగోలుదారు ఉంటే ఒప్పందం ముందు, ఫిల్టర్లు తర్వాత. కొనేవాడు లేకుండా టెర్షియరీ ప్లాంటు (నీళ్లను ఇంకా శుభ్రం చేసే అదనపు దశ) కడితే ఆదాయం బదులు ఇంకో ఖర్చు హెడ్ తగిలించుకున్నట్టే.

8. టెండర్‌లో తప్పకుండా రాయాల్సినవి

నిర్మాణం, పదేళ్ల నిర్వహణ ఒకే టెండర్‌లో పెట్టి, ఎల్1ను (అతి తక్కువ ధర వేసిన బిడ్డర్‌ను) రెండూ కలిపిన ఇవాళ్టి విలువ మీద తేల్చండి. బిడ్డర్ కిలోలీటరుకు ఎన్ని యూనిట్లు వాడతానన్నాడో అదే హామీగా తీసుకోండి, దాటితే ఆ బిల్లు అతనిదే. 12 ఎంఎల్‌డీకి ఎంత, 4 ఎంఎల్‌డీకి ఎంత అని రెండు పాయింట్లలో అడగండి, లేకపోతే మొదటి అయిదేళ్లు హామీ పనికిరాదు.

నమూనాలు మూడో పక్షం తీయాలి, తేదీ ముందుగా చెప్పకుండా. బీఓడీ దాటిన రోజుకు జరిమానా ఉండాలి కానీ మరీ భయపెట్టేంత కాదు. జరిమానా చావుదెబ్బ అయితే లాగ్‌బుక్‌లో అంకెలు దిద్దడం మొదలవుతుంది. ఎక్కడైనా నడుస్తున్న ప్లాంటుకు వెళ్లి లాగ్‌బుక్ తెరిస్తే తెలిసిపోతుంది: మూడు నెలల పాటు ప్రతిరోజూ బీఓడీ 8.2, 8.4, 8.2, ఒకే పెన్ను, ఒకే చేతిరాత, వాన పడిన రోజున కూడా. ఆ పక్కనే బ్లోయర్ అవర్ మీటర్ చూడండి, అది అబద్ధం చెప్పదు. నెల క్రితం రాసిన రీడింగుకూ ఇప్పటి రీడింగుకూ తేడా 150 గంటలే ఉంటే బ్లోయర్ రోజుకు అయిదు గంటలే తిరిగింది, అంత గాలితో 8.2 రాదు. డీపీఆర్ రాయించే ముందే ఇలాంటి రెండు మూడు ప్లాంట్లు తిరిగి రండి. ఆపరేటర్ని పక్కకు పిలిచి "అన్నా, ఎక్కువసార్లు ఆగేది ఏది?" అని అడిగితే కన్సల్టెంటు చెప్పనివి చాలా చెబుతాడు.

భద్రత ఖర్చు బీఓక్యూలో (పనులు, పరిమాణాల జాబితాలో) విడి ఐటంగా ఉండాలి: గ్యాస్ డిటెక్టర్, గాలి పంపే బ్లోయర్, ట్రైపాడ్, హార్నెస్, బ్రీతింగ్ సెట్. వెట్ వెల్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ మనిషిని క్షణాల్లో పడేస్తుంది, పడినవాణ్ని కాపాడదామని దిగినవాడూ పడతాడు. 2013 మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం రక్షణ లేకుండా మురుగు కాలువల్లోకి మనిషిని దింపడాన్ని నేరం చేసింది. అసలు దిగక్కర్లేకుండా గైడ్ రైల్ మీద పైకి లాగే సబ్‌మర్సిబుల్ పంపులు, పై నుంచే దువ్వే మెకానికల్ స్క్రీన్ పెట్టడం డిజైన్ దశలోనే తేలాల్సిన విషయం.

9. అప్పగింత, మొదటి ఏడాది

ముందు మంచినీళ్లతో ట్రయల్, లీకులు చూసుకోండి. తర్వాత దగ్గర్లో బాగా నడుస్తున్న ప్లాంటు నుంచి ట్యాంకర్లలో యాక్టివ్ స్లడ్జ్ తెచ్చి పోస్తే బ్యాక్టీరియా త్వరగా నిలబడుతుంది. ఆపరేటర్లు రోజూ లీటరు జార్‌లో ముప్పై నిమిషాల సెటిల్‌మెంట్ చూడటం నేర్చుకోవాలి. స్లడ్జ్ గోధుమ రంగులో గడ్డకట్టి కిందకు దిగి పైన తేట నీళ్లు నిలిస్తే బాగుంది, నల్లబడితే గాలి చాలట్లేదు, దిగకుండా పైకి ఉబ్బుతుంటే ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండా ఆ షిఫ్టులోనే ఇన్‌చార్జికి ఫోన్ వెళ్లాలి. బీఓడీ ఫలితం రావడానికి మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది, జార్ అరగంటలో చెబుతుంది.

స్వాధీనం చేసుకునే సంతకం పెట్టే ముందు ఒక పరీక్ష పెట్టండి. పగటిపూట, చెప్పకుండా, మెయిన్ సప్లై ఆపేయండి. జనరేటర్ ఎన్ని సెకన్లలో అందుకుంది, ఏ పంపు దానంతటదే మొదలైంది, ఏది చేత్తో ఆన్ చేయాల్సి వచ్చింది, అలారం ఎవరి ఫోన్‌కు వెళ్లింది, రాసుకోండి. తర్వాత నడుస్తున్న పంపును ట్రిప్ చేసి స్టాండ్‌బై వస్తుందో లేదో చూడండి. స్టోర్ తాళం తీయించి, మూడో భాగంలో రాసిన విడిభాగాల జాబితాను ఒక్కొక్కటిగా చేతితో పట్టుకుని టిక్ పెట్టండి. ఏది లేకపోయినా దాని విలువకు రెట్టింపు మొత్తం చివరి బిల్లు నుంచి ఆపి, సరుకు వచ్చాకే విడుదల చేయండి. ఆర్నెల్లకోసారి ఇదే పరీక్ష మళ్లీ చేయాలని నిర్వహణ ఒప్పందంలో ఒక క్లాజుగా చేర్చండి, ఈసారి అర్ధరాత్రి షిఫ్టులో.